120 వోల్టుల సామాను, 193 నుంచి 251 వోల్టుల కరెంటు: ఒక ప్రాజెక్టు డైరీ

అమెరికా నుంచి తిరిగి వచ్చిన మా అక్క తెచ్చుకున్న పదకొండు విద్యుత్ వస్తువులను పాలకొల్లుకూ నరసాపురానికీ మధ్య ఉన్న మా ఊరి ఇంట్లో నడపడానికి జూన్ నుంచి అక్టోబరు వరకు నేను చేసిన పని ఇది. ఈ పని తలపెట్టే మరొకరు నేను పాడుచేసిన వస్తువులను మళ్లీ పాడుచేయకూడదని, కొలతలతో, ఖర్చులతో సహా రాస్తున్నాను.

దశ 1: రేటింగ్ ప్లేట్లు చదవడం

ఏ వస్తువునూ ప్లగ్గులో పెట్టకముందే, అడుగున గానీ వెనుక గానీ అంటించిన రేటింగ్ ప్లేటు చదివి మూడు కుప్పలుగా వేశాను.

1. ల్యాప్‌టాప్ చార్జరు, ఫోను చార్జరు, కెమెరా బ్యాటరీ చార్జరు, ట్రిమ్మరు చార్జరు. వీటి మీద 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కరెంటు తరంగాలో చెప్పే కొలత) అని ఉంది. ప్లగ్గు మారిస్తే చాలు, ట్రాన్స్‌ఫార్మరు అక్కరలేదు.
2. కుట్టు మిషను, పిండి కలిపే పెద్ద మిక్సరు (325 వాట్లు), స్లో కుక్కర్ (250 వాట్లు), రికార్డు ప్లేయరు, అంకెలు వెలిగే అలారం గడియారం. వీటి మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంది.
3. మైక్రోవేవ్ ఓవెన్, 1875 వాట్ల హెయిర్ డ్రయ్యరు. వీటిని మొదటి రోజే పక్కన పెట్టించాను. ఆ డ్రయ్యరుకు సరిపడే ట్రాన్స్‌ఫార్మరు ఖర్చులో ఇక్కడి డ్రయ్యర్లు రెండు మూడు వస్తాయి. మైక్రోవేవ్‌లోని ట్రాన్స్‌ఫార్మరు 60 హెర్ట్జ్‌కు చేసినది కాబట్టి, వోల్టేజి సరిచేసినా మన 50 హెర్ట్జ్ మీద దాని కోరు (చుట్టల మధ్య ఉండే ఇనుము) సంతృప్తమై, అంటే ఇక అయస్కాంతత్వం పట్టలేని స్థితికి చేరి, అతిగా వేడెక్కుతుంది.

కోనసీమలోనూ మా వైపూ గల్ఫ్ నుంచి వచ్చిన సామాను ఎక్కువ కాబట్టి ఒక మాట. కువైట్ సరఫరా 240 వోల్టులు, 50 హెర్ట్జ్ గనుక అక్కడి వస్తువులు ఇక్కడ నేరుగా నడుస్తాయి. అయితే వాటి మూడు చదరపు పిన్నుల ప్లగ్గు లోపల ఒక ఫ్యూజు ఉంటుంది, ఆ ప్లగ్గును కోసి మన ప్లగ్గు తగిలిస్తే వైరుకున్న ఆ రక్షణ పోతుంది. సౌదీలో 60 హెర్ట్జ్. అక్కడి పాత వస్తువుల్లో 127 వోల్టులవీ ఉన్నాయి. అందువల్ల ప్లేటు చదవకుండా "గల్ఫ్ సామానే కదా" అని ప్లగ్గులో పెట్టకూడదు.

దశ 2: తేలిక కన్వర్టరు, కాలిన పెడల్

అరచేతిలో పట్టేంత చిన్నదిగా ఉండి, పైన 1600 వాట్లు అని రాసి ఉన్న ప్రయాణపు కన్వర్టరును రూ. 1,150 పెట్టి కొన్నాను. బల్బు లోడు పెట్టి నా మామూలు మల్టీమీటరుతో కొలిస్తే 70 వోల్టులు చూపింది. "తక్కువే కదా, ప్రమాదం లేదు" అనుకుని కుట్టు మిషనుకు కలిపాను. అక్క పెడల్ మీద కాలు పెట్టి నాలుగు కుట్లు వేసిందో లేదో, పెడల్‌లోంచి కాలిన బేకలైట్ వాసన వచ్చి సూది ఆగకుండా పరుగెత్తింది. ప్లగ్గు లాగేసి విప్పి చూస్తే, లోపలి ట్రయాక్ (వేగాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ స్విచ్చు) షార్టయి, దాని పక్కనున్న రెసిస్టరు నల్లబడి ఉంది.

తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరు (తరంగం ఏ ఆకారంలో ఉన్నా అసలు వోల్టేజి చూపేది) ఒకటి అరువు తెచ్చి మళ్లీ కొలిచాను. అదే కన్వర్టరు, అదే లోడు. ఈసారి 118 వోల్టులు. ఇలాంటి కన్వర్టరు వోల్టేజిని తగ్గించదు, ప్రతి అర్ధ తరంగంలో మొదటి భాగాన్ని కోసేసి మిగిలింది వదులుతుంది. మామూలు మీటరు సగటును కొలిచి, తరంగం నిండుగా ఉన్నదనుకుని లెక్క వేస్తుంది గనుక ఇలాంటి కోసిన తరంగాన్ని తప్పుగా చూపుతుంది. 120 వోల్టుల సరఫరాలో తరంగ శిఖరం 170 వోల్టులు కాగా, ఈ కన్వర్టరు ఇచ్చే శిఖరం దాదాపు 300. ఇస్త్రీ పెట్టె వంటి వేడి చేసే వస్తువు దాన్ని తట్టుకోవచ్చు గానీ, ఎలక్ట్రానిక్ భాగం ఏదున్నా తట్టుకోలేదు.

పెడల్ మరమ్మతు రూ. 700. ఇప్పటి వరకు ఖర్చు: రూ. 1,850.

దశ 3: ఆటో ట్రాన్స్‌ఫార్మరు

తర్వాత, 1500 వాట్లు అని ముద్రించిన ఆటో ట్రాన్స్‌ఫార్మరు (ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ కలిపి ఒకే చుట్ట ఉండేది) ఒకటి రూ. 2,400కు తెచ్చాను. ఈసారి వస్తువులేవీ కలపకుండా పరీక్ష ముందు పెట్టాను. లోడుగా మన నీళ్లు కాచే హీటరు రాడ్డులు వాడాను. 230 వోల్టుల రాడ్డును 115 మీద పెడితే నాలుగో వంతు శక్తే తీసుకుంటుంది కాబట్టి, 1500 వాట్ల రాడ్డులు రెండు బకెట్టులో ముంచితే సుమారు 750 వాట్ల లోడు చవకగా దొరుకుతుంది.

1. 750 వాట్ల లోడుతో 35 నిమిషాలకు పెట్టె పైరేకు 81 డిగ్రీలకు చేరి, వార్నిష్ వాసన మొదలైంది. ముద్రించిన శక్తిలో ఇది సగమే.
2. తూకం వేస్తే 3.9 కిలోలు. సగం వోల్టేజికి దించే ఆటో ట్రాన్స్‌ఫార్మరుకు సగం శక్తికి సరిపడే కోరు చాలు. అయినా 1500 వాట్లకు ఈ బరువు చాలదు. కొనేటప్పుడు ముద్ర చదవడం కంటే చేత్తో ఎత్తి చూడడం నయం.
3. దీని ప్లగ్గుకు రెండే పిన్నులు. ఒక వైపు పెడితే అవుట్‌పుట్ పిన్నులకూ ఎర్తుకూ మధ్య 0, 115 వోల్టులు వచ్చాయి. ప్లగ్గు తిప్పి పెడితే అవే పిన్నుల మీద 113, 228 వచ్చాయి. రెండు పిన్నుల మధ్య మాత్రం రెండుసార్లూ 115 వోల్టులే.
4. అవుట్‌పుట్ సాకెట్టులో ఎర్త్ రంధ్రం ఉంది గానీ, విప్పి చూస్తే దాని వెనుక తీగే లేదు.

మూడో కొలత చూశాక దీన్ని ఇంట్లో వాడకూడదని నిర్ణయించాను. 120 వోల్టులకు చేసిన ఇన్సులేషన్ మీద 228 వోల్టులు కూర్చుంటాయి, పైగా మిక్సరుది ఇనుప శరీరం. ఉమ్మడి చుట్ట ఎక్కడైనా తెగితే మొత్తం 230 వోల్టులూ వస్తువు మీదికే వస్తాయి. రెండు చుట్టలూ విడిగా ఉండే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు చుట్టించక తప్పదని తేలింది.

ఇప్పటి వరకు ఖర్చు: రూ. 4,250.

దశ 4: మన సాకెట్టులో అసలు ఎంత వస్తోంది

చుట్ల లెక్క మొదలుపెట్టే ముందు వారం రోజులు గంటగంటకూ సాకెట్టు వోల్టేజి రాసుకున్నాను. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 54వ నియమం తక్కువ వోల్టేజి సరఫరాలో హెచ్చుతగ్గులు 6 శాతానికి మించకూడదని చెప్పేది, అంటే 230కి 216 నుంచి 244 వరకు. మా ఇంట్లో వచ్చినవి ఇవి:

ఉదయం 10 గంటలకు 228–234.
సాయంత్రం 7:40కి, రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లన్నీ (నీటిలో గాలి కలిపే మోటార్లు) తిరుగుతున్న వేళ, వారంలో అన్నిటికన్నా తక్కువ: 193.
తెల్లవారుజామున 2:10కి, వాన పడి చెరువుల మోటార్లు కొన్ని ఆపిన రోజున, అన్నిటికన్నా ఎక్కువ: 251.

అమెరికాలో 120 వోల్టుల సరఫరాను 114 నుంచి 126 మధ్య ఉంచాలన్నది ప్రమాణం. సరిగ్గా సగం చేసే ట్రాన్స్‌ఫార్మరు పెడితే మా ఇంట్లో 96 నుంచి 125 వరకు ఊగుతుంది. దుకాణంలో దొరికే ఏ పెట్టె అయినా కాగితం మీది 230ని చూసి చేసినదే. మన పెట్టెను మన సాకెట్టు చూసి చేసుకోవాలి. ఈ వారం కొలతలు నేను జూన్ మొదట్లోనే తీసుకుని ఉండవలసింది.

దశ 5: చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం

పాత స్టెబిలైజరు కోరు ఒకటి రూ. 1,800కు దొరికింది. మధ్య కాలు వెడల్పు 5 సెంటీమీటర్లు, స్టాంపింగుల (కోరు రేకుల) మందం 7.5 సెంటీమీటర్లు. రేకుల మధ్య పూత తీసివేస్తే అసలు ఇనుము 35.6 చదరపు సెంటీమీటర్లు. లక్ష్యం 1000 వీఏ (వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చే సామర్థ్యం).

1. 50 హెర్ట్జ్, 1.2 టెస్లాకు (కోరులో అయస్కాంత సాంద్రత), 37.5ను కోరు వైశాల్యంతో భాగిస్తే వోల్టుకు ఎన్ని చుట్లో వస్తుంది. ఇక్కడ 1.05.
2. ప్రైమరీ (కరెంటు లోపలికి వచ్చే చుట్ట): 242 చుట్లు.
3. సెకండరీ (కరెంటు బయటికి ఇచ్చే చుట్ట): 105, 116, 126, 137 చుట్ల దగ్గర నాలుగు ట్యాపులు (బయటికి తీసిన కొసలు). 230 మీద ఇవి వరుసగా 100, 110, 120, 130 వోల్టులు.
4. తీగ: 16 గేజి, ప్రైమరీకి ఒక పోగు, సెకండరీకి రెండు పోగులు.

ఈ నాలుగో అంశమే దెబ్బ తీసింది. మూడు కిలోల తీగ రూ. 3,300కు, బాబిన్ (తీగ చుట్టే చట్రం), ఇన్సులేషన్ కాగితం, స్లీవు, వార్నిష్ రూ. 450కి కొని పాలకొల్లులో మోటారు వైండింగ్ మేస్త్రికి అప్పగించాను. ఆయన సెకండరీ సగం చుట్టాక కబురు పెట్టారు. "ఆయ్, తీగ పట్టదండి. ఇంకా మూడు వరసలుండగానే కోరు సందు నిండిపోయిందండి. మీరు చుట్లు లెక్కేశారు గానీ వరసలు లెక్కెయ్యలేదండి" అన్నారు. ఆయన మాట నిజం. 16 గేజి తీగ పూతతో కలిపి 1.73 మిల్లీమీటర్లు, బాబిన్ ఎత్తులో వరుసకు 40 చుట్లు. ప్రైమరీకి 7, సెకండరీకి 7 వరుసలు కలిపి 24 మిల్లీమీటర్లు దాటుతాయి. కాగితాలకూ బాబిన్ గోడకూ చోటే లేదు, ఎందుకంటే సందు మొత్తం 25 మిల్లీమీటర్లే.

విప్పించి 17 గేజికి మార్చాను. పూతతో 1.52 మిల్లీమీటర్లు, వరుసకు 46 చుట్లు, రెండు చుట్టలకూ ఆరేసి వరుసలు, కాగితాలూ బాబినూ కలిపినా 23 మిల్లీమీటర్ల లోపే. తీగ సన్నబడినందువల్ల చదరపు మిల్లీమీటరుకు 2.7 ఆంపియర్లు పడుతుంది, గాలి ఆడే పెట్టెలో అది భరించదగినదే. కొత్త తీగ రూ. 3,025. విప్పిన తీగను మేస్త్రి రూ. 2,400కు తిరిగి తీసుకున్నారు. చుట్టిన కూలి మాత్రం ఒక్కసారికే తీసుకుంటానని చెప్పి, చివరికి అదీ వద్దన్నారు.

చుట్టడం పూర్తయ్యాక 11 కిలోలు తూగింది.

ఇప్పటి వరకు ఖర్చు: రూ. 10,425.

దశ 6: వానల్లో వార్నిష్

జులైలో వార్నిష్ పోసి వారం రోజులు వసారాలో ఆరబెట్టాను. పైకి ఎండినట్టే కనిపించింది. 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) పెట్టి ప్రైమరీకీ సెకండరీకీ మధ్య కొలిస్తే 2 మెగా ఓమ్‌లు మాత్రమే చూపింది. ఇన్ని వరుసలున్న చుట్ట లోపలికి మన తేమ గాలి ఎంత చేరుతుందో నాకు అప్పుడు అర్థమైంది. ఈ రకం వార్నిష్ గాలికి ఆరదు, వేడికి గట్టిపడాలి.

రేకు డబ్బా లోపల రెండు 200 వాట్ల బల్బులు అమర్చి, పైన తేమ పోవడానికి వేలెడు సందు వదిలి, 75 డిగ్రీల దగ్గర 36 గంటలు ఉంచాను. మొదటి మూడు గంటలూ ఆ సందు మీద పెట్టిన గాజు పలక చెమ్మగిల్లుతూనే ఉంది. తుడిచిన ప్రతిసారీ మళ్లీ పట్టేది. పలక పొడిగా నిలిచాక ఇంకో రోజు ఉంచి కొలిస్తే 200 మెగా ఓమ్‌లు దాటింది. ఎండాకాలంలో చుట్టినా ఈ పని వదలవద్దని నా సలహా.

దశ 7: లోడు పరీక్ష, ట్రిప్పు, ఎర్తు

2000 వాట్ల రాడ్డులు రెండు బకెట్లలో ముంచి, మూడో ట్యాపు మీద పరీక్షించాను.

1. లోడు లేనప్పుడు 119.8 వోల్టులు, పూర్తి లోడుతో 114.7.
2. లోపలి వేడి తెలుసుకోవడానికి ప్రైమరీలో 1 ఆంపియర్ డీసీ పంపి వోల్టేజి కొలిచాను. చల్లగా, 31 డిగ్రీల దగ్గర, 0.86 వోల్టు, రెండు గంటల లోడు తర్వాత 1.05 వోల్టు. రాగి నిరోధం పెరిగిన తీరును బట్టి లోపల సుమారు 90 డిగ్రీలు. అదే సమయంలో పైన తాకుడు థర్మామీటరు 68 మాత్రమే చూపింది. పైవేడిని చూసి లోపలి వేడిని అంచనా వేయకూడదు.
3. బీ రకం 6 ఆంపియర్ల ఎంసీబీని (కరెంటు మితిమీరితే తనంతట పడిపోయే స్విచ్చు) పది సార్లు వేస్తే నాలుగు సార్లు ట్రిప్పయింది. ట్రాన్స్‌ఫార్మరు వేసిన క్షణాన కోరు సంతృప్తమై లాగే కరెంటు అంత పెద్దది. క్షణకాలపు పెద్ద కరెంటును ఇంకా ఎక్కువ ఓర్చే సీ రకానికి మార్చి, 10 ఓమ్‌ల ఎన్‌టీసీ థర్మిస్టరును (చల్లగా ఉన్నప్పుడు కరెంటుకు అడ్డుపడే భాగం) వరుసలో కలిపాక ఇరవై సార్లలో ఒక్కసారీ పడలేదు.

థర్మిస్టరుకు ఒక లోపం ఉంది. అది వేడిగా ఉన్నప్పుడు అడ్డుపడదు. మా వైపు కరెంటు పోయి రెండు సెకన్లలో తిరిగి రావడం మామూలే, అలా వచ్చినప్పుడు మళ్లీ ట్రిప్పయింది. దీనికి పరిష్కారం చివరి దశలో దొరికింది.

ఎర్తు విషయంలో ఎక్కువ సమయం గడిపాను. సెకండరీ ఒక కొసను పెట్టె ఎర్తుకు బిగించి, దాన్నే అమెరికా సాకెట్టులో వెడల్పు రంధ్రానికి కలిపాను, ఎందుకంటే అక్కడ న్యూట్రల్ అదే. రెండో కొసకు 10 ఆంపియర్ల ఎంసీబీ పెట్టాను. ఇప్పుడు మిక్సరు శరీరానికి ఫేజు తగిలితే ఎంసీబీ పడుతుంది. అయితే ఇంట్లోని ఆర్‌సీసీబీ (లీకేజీని పసిగట్టి కరెంటు ఆపే స్విచ్చు) ట్రాన్స్‌ఫార్మరుకు అవతల జరిగే లీకేజీని చూడలేదు. సన్నగా లీకయితే దాన్ని పట్టేది ఏదీ లేదు గనుక, ఈ పెట్టె వంటగట్టు మీద సింకుకు కనీసం ఆరడుగుల దూరంలో ఉండాలని, తడి చేతులతో ముట్టకూడదని ఇంట్లో అందరికీ చెప్పాను.

ఎంసీబీలు, థర్మిస్టరు, మీటరు, సాకెట్టు, రేకు పెట్టె, వైర్లు కలిపి రూ. 2,150. ఇప్పటి వరకు ఖర్చు: రూ. 12,575.

దశ 8: ట్రాన్స్‌ఫార్మరు మార్చలేనిది

వోల్టేజిని ఎలాగైనా మార్చవచ్చు గానీ, 50 హెర్ట్జ్‌ను ఏ ట్రాన్స్‌ఫార్మరూ 60 చేయదు. కుట్టు మిషను, మిక్సరు బ్రష్షుల మోటార్లు గనుక వాటికి తేడా లేదు. గడియారం మాత్రం గంటకు పది నిమిషాలు వెనకబడింది. అది కరెంటు తరంగాలను లెక్కపెట్టి కాలం చూపే రకం. విప్పి చూస్తే లోపలి ఐసీకి (చిప్పుకు) 50, 60 హెర్ట్జ్ ఎంచుకునే జంపరు (కలిపే చిన్న తీగ) ఉంది. దాన్ని మార్చి అతికితే రోజుకు 20 సెకన్ల తేడాకు దిగింది.

రికార్డు ప్లేయరు అంత తేలిగ్గా లొంగలేదు. 33⅓ వేగంతో తిరిగే పళ్లెం మూడు నిమిషాల్లో సరిగ్గా 100 సార్లు తిరగాలి. అంచుకు కాగితం ముక్క అంటించి లెక్కపెడితే 83. పాటలన్నీ మందగించి, గొంతులు బరువెక్కాయి. వేగం ఆరింట అయిదు వంతులకు తగ్గింది గనుక మోటారు పుల్లీని అయిదింట ఆరు వంతులకు పెంచితే చాలనుకుని, 11.2 మిల్లీమీటర్ల పుల్లీకి బదులు 13.44 మిల్లీమీటర్లది లేత్ మీద ఇత్తడితో చేయించాను. లెక్క 99 దాటి ఆగింది. బెల్టు మందం మరిచాను. బెల్టు 0.6 మిల్లీమీటరు ఉన్నందున, పుల్లీకి దాన్ని కలిపి 1.2తో గుణించి మళ్లీ తీసివేయాలి: 13.56. లేత్ దగ్గర కూర్చుని, చివరి కోతకు ముందు మైక్రోమీటరుతో మూడుసార్లు కొలిపించాను. రెండో పుల్లీతో మూడు నిమిషాలకు కాగితం ముక్క నూరోసారి నా వేలి ముందు నిలిచింది. అక్క వరుసగా రెండు ఎల్పీలు వినేసి ఇంకేమీ అనలేదు.

ఈ మోటారును మూడో ట్యాపు మీద గంట నడిపితే 74 డిగ్రీలయింది. 60 హెర్ట్జ్ కోరుకు 50 మీద వోల్టేజిని కూడా ఆరింట అయిదు వంతులకు తగ్గించాలి, అంటే 100. మొదటి ట్యాపుకు మార్చాక 52 డిగ్రీల దగ్గర నిలిచింది.

పుల్లీలు రెండూ రూ. 600. ఇప్పటి వరకు ఖర్చు: రూ. 13,175.

దశ 9: నాలుగో ట్యాపు తీసివేత

సాయంత్రపు 193 వోల్టుల కోసమే నాలుగో ట్యాపు పెట్టాను. ఒక రాత్రి 8 గంటలకు, సాకెట్టులో 196 ఉండగా, ఆ ట్యాపు మీద 111 వోల్టులతో స్లో కుక్కర్‌లో మేక కాళ్ల పులుసు పెట్టి పడుకున్నాం. తెల్లవారుజామున అయిదింటికి వాసనకు మెలకువ వచ్చి చూస్తే పెట్టె మీటరు 139 చూపుతోంది. చెరువుల మీద లోడు తగ్గి సరఫరా 246కు ఎక్కింది. కుక్కరు తన శక్తికి మూడో వంతు పైగా ఎక్కువ లాగింది. పులుసు ఇగిరి అడుగంటింది. అదే ట్యాపు మీద గడియారమో మరొక ఎలక్ట్రానిక్ వస్తువో ఉంటే పోయేది. మనిషి నిద్రలో ఉండగా ట్యాపు తనంతట తాను మారదన్న విషయం నేను ముందే ఆలోచించి ఉండవలసింది.

మరునాడే నాలుగో ట్యాపు కొసను స్లీవు తొడిగి మూసేసి, పెట్టెకు ముందు పాత 1 కేవీఏ స్టెబిలైజరు ఒకటి రూ. 1,600కు తెచ్చి పెట్టాను. అది 170 నుంచి 260 వరకు ఏది వచ్చినా 220–240 మధ్య ఇస్తుంది. మూడో ట్యాపు మీద అది 114.5 నుంచి 125 వోల్టులు అవుతుంది. రికార్డు ప్లేయరుకు మొదటి ట్యాపు మీద 95 నుంచి 104. స్టెబిలైజరులో ఉన్న మూడు నిమిషాల ఆలస్యం వల్ల, కరెంటు పోయి వచ్చేసరికి థర్మిస్టరు చల్లబడి ఉంటుంది. దశ 7లో మిగిలిన ట్రిప్పు ఆనాటి నుంచి మళ్లీ రాలేదు.

మొత్తం ఖర్చు: రూ. 14,775. ఇందులో రూ. 4,250 మొదటి రెండు కొనుగోళ్లకు, పెడల్ మరమ్మతుకు పోయింది.

అక్టోబరు వానల తర్వాత మెగ్గర్ మళ్లీ పెట్టాను: 140 మెగా ఓమ్‌లు. సాకెట్టు స్క్రూల మీద ఉప్పుగాలికి తుప్పు మొదలైంది, వాటిని స్టెయిన్‌లెస్ స్టీలువి వేశాను. పెట్టె మూత మీద అంటించిన కాగితంలో ఉన్నవి ఇవి: ట్యాపు మార్చే ముందు స్విచ్చు ఆపాలి, రికార్డు ప్లేయరు 1, మిగిలినవన్నీ 3, మొత్తం 800 వాట్లకు మించకూడదు, స్టెబిలైజరు లేకుండా వాడకూడదు.